టైపు మేడమ్, తొంభై లీటర్లు

మదనపల్లె టైపు మేడమ్ పోయింది. పోయిన మంగళవారం పొద్దున. నాకు చెప్పింది నా పాత పాల సెంటరు గుమాస్తా. పుంగనూరు నుంచి మా ఊరికి మోపెడ్ మీద వచ్చి, బండి దిగకుండానే, తల వంచుకోని చెప్పినాడు.

"మేడమ్ పోయిందప్పా. బస్సులో వస్తావో, నా వెనక కూర్చుంటావో చెప్పు."

పదేండ్లుగా ఈ గుమాస్తా నా కండ్లల్లోకి చూడడు. ఆ పొద్దు కూడా చూడలేదు. అతని వెనకే కూర్చోని పోయినాను.

నేను మా ఊరి బడిలో అయిదో తరగతి దాకా చదివినోణ్ణి. రాయడం అలవాటు లేదు. మాట్లాడటం అంతకన్నా లేదు. అయినా ఇది రాస్తాండాను. ఎందుకంటే మేడమ్‌ను గురించి రాసేవాళ్ళంతా ఆమె శాంతమైన మనిషి, ఎవురి మీదా కోపం పెట్టుకోలేదు అని రాస్తారు. అది అబద్ధం. ఆమెకు పగ ఉండేది. నాకూ ఉంది. మా స్నేహం దాని మీదనే నిలబడింది.

మీలో చానామంది ఆమె దగ్గర టైపు నేర్చుకున్నోళ్ళే ఉంటారు. బస్టాండు దగ్గర మిద్దె మీద, చెక్క మెట్లెక్కి పోతే ఎనిమిది మిషన్లు. అన్నీ ఒకేసారి కొడతాంటే కింద టీ అంగట్లో గ్లాసులు అదిరేవి. ఆమె సన్నగా ఉండేది. కండ్లద్దాలకు నల్ల దారం. చేతిలో స్టీలు స్కేలు. "కండ్లు కాగితం మీద, వేళ్ళు మిషన్ మీద." దినానికి నూరుసార్లు ఆ మాట అనేది. కిందికి చూసి అక్షరం వెతికినోళ్ళ వేళ్ళ మీద స్కేలు పడేది. ఆ దెబ్బ తిన్నోళ్ళు ఈ పొద్దు ఎన్ని ఆఫీసుల్లో ఉండారో నాకు తెలీదు. ఉద్యోగం వచ్చినోళ్ళు స్వీటు డబ్బాతో వస్తే తీసుకునేది కాదు. ఒక పేజీ కొట్టి చూపించి పొమ్మనేది.

ఆమె మేజా మీద అద్దం, అద్దం కింద ఒక పాత ఉత్తరం ఉండేది. వయసులో ఉండేటప్పుడు ఆమె ఒక ఆఫీసులో ఉద్యోగానికి టైపు పరీక్ష రాసింది. అందరికన్నా బాగా కొట్టింది. ఆడమనిషి వద్దులే అని వేరే మనిషిని తీసుకున్నారు. ఆ సంగతి రాసి పంపిన ఉత్తరం అది. చక్కెర లేని కాఫీ తెచ్చి దాని మీదనే పెట్టుకోని తాగేది.

"యాల మేడమ్ ఇంకా పెట్టుకోనుండారు?" అని ఒకసారి అడిగినాను.

"రోజూ కనపడాలప్పా. లేకుంటే మర్చిపోతాను. మర్చిపోయినోళ్ళంతా మంచోళ్ళేం కాదు. కొందరికి మతిమరుపు, అంతే."

ఆ మాట నాకు ఎంత బలమిచ్చిందో చెప్పలేను. అప్పుటికి నా కథ ఏందో చెప్తాను, లేకుంటే మీకు అర్థం కాదు.

నేను పుంగనూరులో ఒక పాల సెంటర్లో కొలత మనిషిని. ఇరవై ఏండ్లు అదే పని. కంపెనీ పేరు చెప్పను, ఇప్పుడది లేదు కూడా. పొద్దున్నే ఊర్ల నుంచి క్యాన్లు వస్తాయి. నేను కొలుస్తాను. ఏ ఊరు ఎన్ని లీటర్లు అని చీటీ రాస్తాను. అంతా అయినాక కింద గీత గీసి కూడతాను. అన్ని పాలూ టాంకరుకు ఎక్కిస్తే, టాంకరు కొలత, నా కూడిక సరిపోవాల. సరిపోయేది. ఒక లీటరు అటూ ఇటూ.

తొంభైల చివర్లో సెంటరుకు కంప్యూటరు వచ్చింది. మేనేజరుకు దాని మీద చానా గొప్ప. దానికి తెల్ల గుడ్డ కప్పి, పొద్దున్నే ఊదొత్తి వెలిగించేవాడు. "ఇంగ నువ్వు కూడే పని లేదు పెద్దాయనా. చీటీ ఇయ్యి, చాలు" అన్నాడు. గుమాస్తా నా చీటీ చూసి గడుల్లో అంకెలు కొడతాడు. కింద మొత్తం అదే వస్తాది. నోట్లో ముద్ద పెట్టుకున్నంత సులువు అన్నారు అందరూ.

రెండు నెలలు బాగానే ఉండింది. తర్వాత తేడా వచ్చింది. కంప్యూటర్లో వచ్చిన పాలు తక్కువ, టాంకరు ఎక్కిన పాలు ఎక్కువ. ఒక పొద్దు ముప్పై, ఒక పొద్దు అరవై. కొన్ని పొద్దులు సరిగ్గా ఉండేది. వచ్చిన దానికన్నా పోయింది ఎక్కువంటే, మధ్యలో యాడి నుంచి వచ్చింది? పాల సెంటర్లో ఆ ప్రశ్నకు ఒకటే జవాబు.

వినాయక చవితికి ముందు శనివారం. ఆ పొద్దు తేడా తొంభై లీటర్లు. మేనేజరు వసారాలోకి వచ్చినాడు. పాలోళ్ళు, రైతులు, టాంకరు డ్రైవరు, అందరూ ఉండారు. చేతిలో చెంబు, చెంబు నిండా నీళ్ళు. నాకు ఇచ్చినాడు.

"కొలువు పెద్దాయనా. నీకు అలవాటే కదా."

నేను చెంబు పట్టుకోని నిలబడినాను. ఎవురో నవ్వినారు. నవ్వు ఒకరితో నిలవదు. అప్పుడే కంప్యూటరు కాగితం నా మీదకు విసిరి, ఇదిగో రుజువు, ఇంగ రావద్దు అన్నాడు.

ఆ కాగితం నేను మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇంటికి పోయి, అరుగు మీద కూర్చోని, అందులోని అంకెలన్నీ చేత్తో కూడినాను. మూడుసార్లు కూడినాను. టాంకరు కొలత ఎంతో, సరిగ్గా అంతే వచ్చింది. కాగితం కింద కొట్టిన మొత్తం మాత్రం తొంభై తక్కువ. పైన అంకెలు సరైనవే, కింద మొత్తం తప్పు. సోమవారం పోయి మేనేజరుకు చూపించినాను. కాగితం చేతికి కూడా తీసుకోలేదు. "మిషన్‌కు కూడటం రాదంటావా, నీకు వస్తాదా?" అన్నాడు. వసారాలో మళ్ళీ నవ్వినారు.

ఆ వారంలోనే నాకు నీళ్ళప్ప అని పేరు పడింది. కొళాయి కాడ నా పెండ్లాం బిందె పెడితే, "మీకు నీళ్ళు యాలమ్మా, మీ ఆయప్ప కాడే ఉండాయి కదా" అన్నారంట. ఆమె ఆ కొళాయికి మళ్ళీ పోలేదు. మైలు దూరం బోరు కాడికి పోయేది.

నేను ఏం చేసినాను? ఏం చెయ్యలేదు. ఒక పొద్దు రాయి తీసుకోని మేనేజరు స్కూటరు వెనక నిలబడినాను. అద్దం పగలగొడదామని. చానాసేపు నిలబడి, రాయి అక్కడే పెట్టి వచ్చేసినాను. నా పగ అంత పిరికిది.

మదనపల్లెకు పోయి పని వెతుక్కున్నాను. మిద్దె మీద మిషన్లు తుడిచి, నూనె వేసి, మెట్లు ఊడ్చే మనిషి కావాలని టీ అంగట్లో చెప్పినారు. అట్ల మేడమ్ దగ్గర చేరినాను. రెండు నెలలు ఆమె ఏమీ అడగలేదు. ఒక పొద్దు నేను మిషన్ల మధ్య కూర్చోని ఆ కాగితం మళ్ళీ కూడతాంటే వెనకనుంచి చూసింది.

"అదేంది, రోజూ అదే లెక్క చేస్తాండావు?"

చెప్పినాను. నా జన్మలో అంతసేపు మాట్లాడింది లేదు. ఆమె మొత్తం విని, కాగితం తీసుకోని, తను కూడా కూడింది. తొంభై.

"ఎంత తప్పో నీకు తెలుసు. అది చాలదప్పా. ఎందుకు తప్పో తెలియాల. అప్పుడు గానీ వాని ముఖం ముందర పెట్టలేవు."

అప్పుటికి ఆమె కూడా రెండు కంప్యూటర్లు కొనింది. టైపు నేర్చుకునేవాళ్ళు తగ్గిపోతాండారు. నా కాగితంలో అంకెలన్నీ అందులో కొట్టింది, ఒక్కొక్కటి చూసుకుంటా. మొత్తం సరిగ్గా వచ్చింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ సరిగ్గానే వచ్చింది. నాకు ఏడుపొచ్చింది. సరిగ్గా వచ్చినందుకు ఏడ్చినోణ్ణి నేనొక్కణ్ణే ఉంటాను.

"మన మిషన్‌లో తప్పు రాదు. ఆ సెంటర్లో కొట్టిందే కావాల" అనింది.

ఏడాదిన్నర దాటింది. ఈ లోపల మేనేజరు కుప్పం సెంటరుకు మారిపోయినాడు. ఒక పొద్దు గుమాస్తా మెట్లెక్కి వచ్చినాడు. అతను మేడమ్ శిష్యుడే. టైపు హయ్యర్ పరీక్ష పాసైన కాగితం పోయింది, ఇంకొకటి తెప్పించమని అడిగేదానికి వచ్చినాడు. నేను నూనె డబ్బాతో పక్కనే ఉండాను. నన్ను చూసి అతని ముఖం మాడిపోయింది. మేడమ్ అతనికి కూర్చోమని చెప్పలేదు. ఆ తొంభై లీటర్ల శనివారం ఫైలు ఫ్లాపీలో తెస్తే కాగితం సంగతి చూస్తాననింది. మరుసటి వారం తెచ్చినాడు. అంతవరకు అతని మంచితనం నేను ఒప్పుకుంటాను.

ఫ్లాపీ పెట్టి తెరిస్తే, మా మిషన్‌లో కూడా మొత్తం తొంభై తక్కువే. మేడమ్ నవ్వింది. వేటలో జంతువు కనపడినట్టు నవ్వింది.

"టోటల్ మీద కన్ను పెట్టప్పా. నేను ఒక్కొక్క ఊరు తీసేస్తాను. తీసేస్తే అది తగ్గాల. తగ్గకుంటే చెప్పు."

ఒక ఊరు తీసింది. తగ్గింది. మళ్ళీ పెట్టి ఇంకొకటి తీసింది. తగ్గింది. చౌడేపల్లె దారిలో ఒక ఊరు, ముప్పై ఒకటి లీటర్లు. తీసేసింది. మొత్తం కదల్లేదు.

"తగ్గలా మేడమ్."

ఆమె మళ్ళీ పెట్టి, మళ్ళీ తీసింది. కదల్లేదు. ఆ ఊరి పాలు ఆ మిషన్ లెక్కలోనే లేవు. కండ్ల ముందర గడిలో కూర్చోనుండాయి, కానీ లేవు. అట్లాంటివి మూడు దొరికినాయి. ముప్పై ఒకటి, పద్దెనిమిది, నలభై ఒకటి. నేను నోట్లోనే కూడినాను. తొంభై.

గుమాస్తా అందంగా ఉండాలని అంకెలన్నీ గడి మధ్యలో నిలబెట్టినాడు. మేడమ్ ఆ అలంకారం తీసేసింది. తీసేసరికి వరస రెండుగా చీలిపోయింది. అంకెలన్నీ కుడి పక్కకు జరిగినాయి. ఆ మూడు మాత్రం ఎడమ గోడకు ఆనుకోని నిలబడినాయి. అంకెలైతే కుడి పక్క, అక్షరాలైతే ఎడమ పక్క, అది ఆ ప్రోగ్రాం అలవాటు అని చెప్పింది. మరి ముప్పై ఒకటి అక్షరం ఎట్లయింది?

ఆ మూడింటిని పెద్దవిగా చేసి చూసింది. చానాసేపు చూసింది. తర్వాత లేచి, మూలలో ఉన్న అన్నిటికన్నా పాత మిషన్ దగ్గరకు పోయింది. రెండు చేతులూ దాని మీద పెట్టి నిలబడింది. ఆ మిషన్‌లో రెండు నుంచి తొమ్మిది దాకా అంకెల మీటలుండాయి. ఒకటికి మీట లేదు. పాత మిషన్లకు ఉండదంట. ఒకటి కావాలంటే ఇంగ్లీషు చిన్న ఎల్ అక్షరం కొట్టాల. చూడటానికి రెండూ ఒకటే. ఆమె ముప్పై ఏండ్లుగా అందరికీ అదే నేర్పింది.

కంప్యూటర్లో ఒకటికి మీట ఉందని గుమాస్తాకు తెలుసు. నిదానంగా కొడితే అదే కొట్టేవాడు. టాంకరు డ్రైవరు హారన్ కొడతాంటే, తొందరలో, కండ్లు నా చీటీ మీద, వేళ్ళు మిషన్ మీద. అప్పుడు వేలు దానంతట అదే ఎల్ మీదకు పోయేది. ఆ గడిలో అక్షరం ఉంటే మిషన్ దాన్ని కూడదు. చెప్పదు కూడా. ఊరికే వదిలేస్తాది.

"తప్పు నేర్చుకోలేదు అతను. బాగా నేర్చుకున్నాడు" అనింది మేడమ్. తర్వాత తన కుడి చేయి ఎత్తి చూపించింది. "ఇది నా వేలప్పా. నిన్ను ఆ వసారాలో నిలబెట్టింది ఈ వేలు."

నేను నూనె డబ్బా కింద పెట్టి మెట్లు దిగిపోయినాను.

ఎనిమిది దినాలు ఆ మిద్దె కాడికి పోలేదు. ఆ ఎనిమిది దినాలు ఆమెను తిట్టుకున్నాను. ఇప్పుడు రాయడానికి సిగ్గేమీ లేదు. తొమ్మిదో దినం బస్టాండులో బెంచీ మీద కూర్చోనుంటే ఆమే వచ్చింది. చేతిలో ఒక కాగితం. ఈ తప్పు నేను నేర్పింది, కొలత మనిషి తప్పు లేదు అని రాసి, కింద సంతకం, ఇన్‌స్టిట్యూట్ ముద్ర. ఆ ముద్ర వేస్తే ఊర్లో ఆమె పేరు ఏమవుతాదో ఆమెకు తెలుసు.

"నా మీద కూడా పగ పెట్టుకో. నాకు బాధ లేదు. కానీ వాణ్ణి సగంలో వదలొద్దు. కుప్పం బస్సు తొమ్మిదికి."

కుప్పం దాకా నా పక్కనే కూర్చోనింది. దారిలో వేరుశనక్కాయలు కొని, పొట్టు తీసి, సగం నా చేతిలో పోసింది. పలమనేరు దాటినాక నేను తిన్నాను. అంతటితో ఆమె మీద నా పగ అయిపోయింది.

మేనేజరు గదిలో ఆమె అడగకుండానే కంప్యూటరు ముందర కూర్చోనింది. ఫ్లాపీ పెట్టి, ఊరు తీసేసి, మొత్తం చూడమనింది. మేనేజరు చూసినాడు. ఆ మూడు గడుల్లో నన్ను కొట్టమనింది. నేను ఒక్క వేలితో, వెతుక్కోని, ముప్పై ఒకటి కొట్టినాను. అంకె ఎడమ గోడ వదిలి కుడి పక్కకు పోయింది. కింద మొత్తం పెరిగింది. పద్దెనిమిది. పెరిగింది. నలభై ఒకటి. టాంకరు లెక్కకు సరిగ్గా వచ్చి ఆగింది. మేనేజరు చేత్తో ముఖం తుడుచుకున్నాడు. టీ చెప్పమంటావా అన్నాడు.

"సరేలే పెద్దాయనా. పై ఆఫీసుకు రాస్తాను, మళ్ళీ పనిలో పెట్టుకుంటారు. అయిందేదో అయింది."

అప్పుడు నేను నోరు తెరిచినాను. "పుంగనూరుకు రా సారు. అదే వసారాలో, ఆ మనుషుల ముందర, నేను నీళ్ళు కలపలేదని ఒక్క మాట చెప్పు. అది చాలు."

"దానికోసరం అంతదూరం యాడొచ్చేది? ఉద్యోగం ఇప్పిస్తాండాను కదా."

"చెంబు ఇచ్చేటప్పుడు దూరం కాలేదా సారూ?" అనింది మేడమ్.

అతను ఫ్లాపీ తీసి ఆమె చేతిలో పెట్టినాడు. పుంగనూరుకు రాలేదు.

ఉద్యోగం వచ్చింది. రిటైరయ్యేదాకా అక్కడే కొలిచినాను. తప్పు మిషన్‌దంట అని పాలోళ్ళకు తెలిసింది. అయినా పేరు పోలేదు. "నీళ్ళప్పా, నా క్యాన్ చూడు" అనేవాళ్ళు. ఎగతాళికి కాదు, అలవాటుకు. నేను పలికేవాణ్ణి కూడా. నేను పలికిన ప్రతిసారీ ఆ మేనేజరు మీద నాకు కొత్తగా కోపం వచ్చేది. ఇప్పుడూ వస్తాంది.

అందుకని మేడమ్ ఒక దారి చెప్పింది. ప్రతి ఏడూ చవితికి ముందు శనివారం మేనేజరు ఇంటికి ఒక కవరు పంపిస్తాము. కవర్లో ఆ కాగితం జిరాక్సు. మూడు అంకెల చుట్టూ ఎర్ర సున్న. వేరే ఒక్క అక్షరం ఉండదు. కవరు మీద అడ్రసు మేడమ్ ఆ పాత మిషన్ మీదనే కొట్టేది. అతను రిటైరై కుప్పంలోనే ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇంటి నెంబర్లో మూడు ఒకట్లుండాయి. మూడూ చిన్న ఎల్ కొట్టేది. కొట్టి నాకు చూపించేది. ఇద్దరం నవ్వేవాళ్ళం. ఏడేండ్లు పంపించినాము. ఒక్కటి కూడా తిరిగి రాలేదు. అంటే అందుతాంది. ఎప్పుటికైనా ఒక పొద్దు ఆ మనిషి పుంగనూరు బస్సు ఎక్కుతాడని మా ఆశ.

పోయిన సంవత్సరం మేడమ్‌కు కుడి చేయి పడిపోయింది. మిషన్లన్నీ అమ్మేసింది. ఆ పాతదాన్ని మాత్రం ఇంట్లో పెట్టుకునింది. చూసేదానికి పోయినప్పుడల్లా, "రాలేదా?" అని అడిగేది. లేదనేవాణ్ణి. "వస్తాడులే. మనం ఆపకూడదు, అంతే" అనేది. నోరు కొంచెం వంకర పోయి ఉండేది, మాట మాత్రం వంగలేదు.

మంగళవారం మేము పోయేసరికి ఆమెను అరుగు మీద పడుకోబెట్టినారు. శిష్యులు చానామంది వచ్చినారు. ఆమె చెల్లెలు లోపలనుంచి ఒక పొట్లం తెచ్చి, దాని మీద టైపు చేసిన పేరు చదివింది. ఎవురూ కదల్లేదు. ఎవురమ్మా అది అని ఒకరినొకరు చూసుకున్నారు. ఆమె మళ్ళీ చదివింది. నీళ్ళప్ప అంటే పలికి పలికి, అది నా పేరేనని తెలిసేదానికి నాకే ఒక గడియ పట్టింది. నేను నోరు తెరిచే లోపల గుమాస్తా నా భుజం మీద చెయ్యేసి, నా కండ్లల్లోకి చూసి, "ఈయనేమ్మా. ఈయన పేరే అది" అన్నాడు.

మేనేజరు సారూ, మేడమ్ పోయిందని మీకు కూడా తెలిసుంటాది. ఇంగ కవర్లు రావులే అనుకోనుంటారు.

పొట్లం ఇంటికొచ్చి విప్పినాను. పాత టైపు రిబ్బను చుట్టి ముడేసిన కవర్లు. అన్నిటి మీదా మీ అడ్రసే. లెక్కపెట్టినాను, పద్నాలుగు ఉండాయి. నాకు ఇంకా పద్నాలుగేండ్లు ఆయుష్షుందని ఆమె ఎట్ల అనుకునిందో తెలీదు. పైన నాలుగూ చెయ్యి బాగున్నప్పుడు కొట్టినవి, అక్షరాలన్నీ ఒక్క తీరుగా ఉండాయి. తక్కిన పదీ ఎడమ చేతి ఒక్క వేలితో, కిందికి చూసుకుంటా, వెతుక్కోని కొట్టినవి. ఒక అక్షరం నల్లగా, ఒక అక్షరం పాలిపోయి, వరస పైకీ కిందికీ పోయింది. ఇంటి నెంబరు దగ్గర మాత్రం ఆ మూడు ఎల్‌లూ కాగితం చిరిగేంత గట్టిగా దిగినాయి. కవరు తిప్పి వేలితో తడిమితే వెనక పక్క తగులుతాండాయి.